చుక్క ముట్టలేదు, అయినా కారు ఒప్పుకోలేదు

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాను. తాగి నడిపిన కేసులో శిక్ష పడ్డాక కారుకు ఇంటర్‌లాక్ (ఊదినప్పుడు ఊపిరిలో ఆల్కహాల్ కనిపిస్తే కారు స్టార్ట్ కానివ్వని మిషన్) బిగించారు. నిన్న పొద్దున చుక్క ముట్టకపోయినా ఊదితే ఫెయిల్ చూపించింది. ఒకటే టెన్షన్. ఇక మా ఆవిడ కారు తీసుకెళ్లనా?

జవాబు: ముందు ఇది చెప్పండి, ఊదే ముందు మౌత్‌వాష్ పుక్కిలించారా? నా దగ్గరికొచ్చే చాలామంది కథ అక్కడే మొదలవుతుంది. మౌత్‌వాష్‌లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. మంచినీళ్లతో నోరు కడుక్కుని కాసేపాగండి, మిషన్ మళ్లీ అడగ్గానే ఊదండి. అప్పుడు పాసైతే ఆ రికార్డే మీకు సాక్ష్యం. కంగారులో కారు వదిలేసి వెళ్లిపోతే రికార్డులో ఫెయిల్ ఒక్కటే మిగులుతుంది. దారిలో బీప్ కొడితే కూడా అంతే, ఊదాల్సిందే.

ఆవిడ కారా, వద్దే వద్దు. మిషన్ లేని కారు మీరు నడపకూడదు. మీ బదులు ఆవిడ చేత ఊదించినా నేరమే, అది ఆవిడకూ చుట్టుకుంటుంది. ఇంకోటి, 60 రోజులకోసారి సర్వీసుకు వెళ్లాలి. మూడుసార్లు ఎగ్గొడితే మిషన్ బిగించినవాళ్లు డీఎంవీకి (లైసెన్సులు చూసే ప్రభుత్వ ఆఫీసుకి) చెప్పాల్సిందే. ఆ తేదీలు ఇవాళే ఫోన్‌లో పెట్టుకోండి.