తొమ్మిది మంది క్లయింట్లు, ఒక్క మనిషి

విజయవాడ నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

పాప పుట్టాక ఉద్యోగం మానేసి, నాలుగేళ్ల క్రితం ఒక చీరల దుకాణం ఇన్‌స్టాగ్రామ్ పేజీతో మొదలుపెట్టి, ఇప్పుడు తొమ్మిది మంది క్లయింట్లకు సోషల్ మీడియా పనులన్నీ మీరొక్కరే చూసుకుంటున్నారని రాశారు. అర్ధరాత్రి దాకా వాట్సాప్ మోగుతూనే ఉంటుందనీ, దీపావళి రాత్రి పళ్ల ఆసుపత్రి శుభాకాంక్షల పోస్టరును పొరపాటున నగల దుకాణం పేజీలో పెట్టేస్తే ఆ యజమాని ఫోనులో నోటికొచ్చినట్టు మాట్లాడారనీ, కింద పాప మతాబులు కాలుస్తుంటే మీరు మేడ మీద ఒంటరిగా కూర్చుని ఏడ్చారనీ చెప్పారు. చివర్లో, "అందరూ చేసుకుంటున్న పనే కదా, నాకే చేతకావడం లేదా?" అని అడిగారు.

చేతకాకపోవడం కాదమ్మా. మీ ఉత్తరంలో ఉన్న అంకెలతోనే ఆ మాట చెప్పగలను. ఒక్కో క్లయింటుకు నెలకు 12 పోస్టర్లు, 4 రీల్స్ ఇస్తున్నానన్నారు. పోస్టరుకు మార్పులతో కలిపి గంట, రీలుకు చిత్రీకరణ, ఎడిటింగ్ కలిపి 3 గంటలు వేసుకుంటే ఆ రెండింటికే 24 గంటలు అవుతాయి. కామెంట్లకు జవాబులు, ఫోన్లు, నెలాఖరు రిపోర్టు కలిపి రోజుకు అరగంట చొప్పున 26 రోజులకు మరో 13 గంటలు. అంటే ఒక్క క్లయింటుకు నెలకు 37 గంటలు, తొమ్మిది మందికి 333 గంటలు. ఆదివారాలు వదిలేసి రోజుకు 8 గంటలు పనిచేసే మనిషి చేతిలో ఉండేవి 208 గంటలే. మిగిలిన 125 గంటలు మీ నిద్రలోంచి, భోజనంలోంచి, పాప పక్కన కూర్చోవలసిన సాయంత్రాల్లోంచి వస్తున్నాయి. దీపావళి నాటి పొరపాటు అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. ఒకే ఫోనులో తొమ్మిది ఖాతాలు మార్చుకుంటూ రాత్రి 11 గంటలకు పనిచేసే ఎవరి చేతిలోనైనా జరిగేదే.

ఈ లెక్కన మీరు నిలబడి చేయగలిగేది ఐదుగురి పని. ఐదుగురికి 185 గంటలు పోగా, అనుకోకుండా వచ్చిపడే వాటికి 23 గంటలు మిగులుతాయి. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గర 8,000 రూపాయల చొప్పున 72,000 వస్తున్నాయి కాబట్టి నలుగురిని వదులుకోవడానికి మీకు భయం వేయడం సహజం. ఉండే ఐదుగురికి 12,000 చేస్తే 60,000 వస్తాయి. తగ్గిన 12,000 చిన్న మొత్తమని నేను అనను, ఇంటి అప్పు ఉన్నవారికి అది పెద్దదే. అందుకే ఒక్క నెలలో కాకుండా మూడు నెలల్లో చేయండి. ముందుగా, మూడు నెలలుగా డబ్బు ఇవ్వని మీ క్లయింటు, ఇళ్ల స్థలాల వెంచరు యజమానికి బకాయి తీరేదాకా కొత్త పని చేయలేనని రాతపూర్వకంగా చెప్పండి. మీరింకా చిన్న సంస్థల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోకపోతే ఈ వారమే చేసుకోండి, దానికి రుసుము లేదు. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ) చెబుతోంది. ఇకపై చేసే పనికైనా ఆ అండ మీకు ఉంటుంది.

ఇక రాత్రి మెసేజ్‌ల సంగతి. మొదట్లో ఒక్క క్లయింటు కూడా చేజారకూడదని ఏ వేళకు అడిగినా జవాబిచ్చారు. వాళ్లు దాన్నే మీ పనివేళ అనుకున్నారు. మీరు చెప్పనిదే వాళ్లకు తెలియదు. కోపం లేకుండా, క్షమాపణ కూడా లేకుండా ఇలా పంపండి: "నమస్కారం అండీ. వచ్చే నెల 1వ తేదీ నుంచి నా పనివేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ తరువాత వచ్చిన మెసేజ్‌లకు మరునాడు ఉదయం జవాబిస్తాను. ధర గానీ ఫోన్ నంబరు గానీ తప్పు పడినా, ఖాతా హ్యాక్ అయినా ఏ వేళకైనా ఫోన్ చేయండి. ఒక పోస్టరుకు రెండుసార్లు మార్పులు చేస్తాను, మూడోసారి నుంచి విడిగా ఛార్జీ ఉంటుంది." పని నంబరును వాట్సాప్ బిజినెస్‌లోకి మార్చి, పనివేళలు దాటాక దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టుకోండి. మొదటి వారం ఇద్దరు ముగ్గురు విసుక్కుంటారు. ఆ వారంలో ఒక్క రాత్రి లొంగి జవాబిచ్చినా మళ్లీ మొదటికి వస్తారు కనుక అక్కడ మాత్రం గట్టిగా ఉండండి.

మీ వృత్తిలో బరువు ఏడాది పొడవునా సమానంగా ఉండదు. ఆషాఢం డిస్కౌంట్లతో మొదలై శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా, ధనత్రయోదశి, దీపావళి దాకా అందరికీ ఒకేసారి అన్నీ కావాలి. కానీ పంచాంగం ఉగాదికే ఇంటికి వస్తుంది. పండుగ ఏ రోజన్నది ఎవరికీ ఆఖరి నిమిషంలో తెలిసే సంగతి కాదు. పండుగకు పది రోజుల ముందు ఆఫర్ల వివరాలు ఇవ్వాలని, ఇవ్వనివారికి శుభాకాంక్షల పోస్టరు మాత్రమే వెళుతుందని ముందే చెప్పండి. మూడు రోజుల ముందే అన్నింటినీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను ఒకేచోట నడిపే మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూల్ చేసి, పగటిపూట ఒకసారి పేజీల వారీగా సరిచూసుకోండి. పండుగ రాత్రి మీ చేత్తో ఏదీ పోస్ట్ చేయకండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఏడుపు కాదు, ఆ తరువాతి వాక్యం: "ఇప్పుడు ఎవరు తిట్టినా ఏమీ అనిపించడం లేదు, పోస్టు బాగా వెళ్లినా సంతోషం లేదు." ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను, అంటే ఎడతెగని పని ఒత్తిడితో మనిషి డీలాపడిపోవడాన్ని, జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా చేర్చింది. ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేసినదేదీ చేసినట్టు అనిపించకపోవడం దాని మూడు గుర్తులు. మూడూ మీ మాటల్లో ఉన్నాయి. అయితే నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

మీవారు "మానేయ్, నా జీతం చాలదా?" అన్నప్పుడు మీకు అవమానంగా అనిపించిందని రాశారు. మీ నాలుగేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో తీసిపారేసినట్టు అనిపించి ఉంటుంది. అయినా ఆయన మాట వెనుక ఉన్నది, మీరు ఇలా అయిపోవడం చూడలేకపోవడమేనని నాకు అనిపిస్తోంది. ఇంట్లో ఉండి చేసే పనికి వేళలు పైకి కనిపించవు. అందుకే అత్తగారు కూడా "ఇంట్లోనే ఉంటుందిగా" అనుకుంటారు. ఈ 333 గంటల లెక్కను ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించండి. "సాయం చేయండి" అని ఊరికే అడగకుండా, పాపను బడి నుంచి తీసుకురావడం అత్తగారు, రాత్రి హోంవర్క్ ఆయన చూసుకోవాలని పేరు పెట్టి అడగండి. సాయంత్రం 6 దాటాక పని ఫోనును ఆయన చేతికే ఇవ్వండి. మీ పనివేళలను కాపాడే బాధ్యతలో ఆయనకూ భాగం ఇచ్చినట్టవుతుంది. మానేయమనడం కంటే అది ఆయనకూ తేలికైన దారి.

వెంచరు యజమానికి రాయవలసిన మెసేజ్ రేపు ఉదయం 10 గంటలకు పంపండి, ఈ రాత్రి వద్దు. మూడు నెలల తరువాత ఎంతమంది క్లయింట్లు మిగిలారో, పాపను మీరే నిద్రపుచ్చిన రాత్రులు ఎన్నో నాకు రాయండి.