ఫోర్క్స్ ఊరి కలప పని పోవడానికి గుడ్లగూబే కారణమా?

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్‌లో ఒక గుడ్లగూబను కాపాడబోయి కలప పని మొత్తం పోగొట్టుకున్నారట, అది నిజమేనా, ఆ ఊళ్ళో ఇప్పుడు చూడదగినది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. రెండేళ్ళ క్రితం సియాటిల్ నుంచి మా నాన్నగారిని అక్కడికి తీసుకువెళ్ళాను. ఆయన రాజమహేంద్రవరంలో ఒక కలప అడితిలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా పనిచేశారు కాబట్టి, ఈ జవాబులో సగం ఆయన చూపించినదే.

గుడ్లగూబ మాట కొంతవరకు నిజం. ఫోర్క్స్ మిల్లులకు సరుకు చాలావరకు ఒలింపిక్ జాతీయ అటవీ భూముల్లోని ముదురు చెట్ల నుంచి వచ్చేది. ఆ చెట్లనే ఆశ్రయించుకొని బతికే మచ్చల గుడ్లగూబను 1990లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. మరుసటి ఏడాది ఫెడరల్ న్యాయస్థానం దాని ఆవాసాలలో కలప అమ్మకాలను నిలిపివేసింది. 1994లో కొత్త అటవీ ప్రణాళిక వచ్చాక ఆ భూముల్లో నరకడం బాగా తగ్గిపోయింది. ప్రపంచ కలప రాజధాని అని తనకు తానే పేరు పెట్టుకున్న, మూడు వేల పైచిలుకు జనాభా గల ఊరికి అది చిన్న దెబ్బ కాదు.

అయితే 1980లలోనే యంత్రాలు వచ్చి మిల్లుల్లో మనుషుల అవసరం తగ్గింది. ప్రైవేటు భూముల దుంగలు ఇక్కడి రంపం ముఖం చూడకుండానే ఓడలెక్కి జపాన్ వెళ్ళేవి. అన్నిటికీ మించి, వందల ఏళ్ళ చెట్లు అప్పటికే చాలావరకు నరికివేతకు గురయ్యాయి. 101వ నంబరు రహదారి మీద మాకు ఎదురైన కలప లారీని చూసి నాన్నగారు, "ఇవి దూలాల దుంగలు కావురా, వాసాల సరుకు" అన్నారు. అవి నరికిన చోటే మళ్ళీ నాటి పెంచిన చెట్లు. అంటే పని పూర్తిగా పోలేదు, కానీ సరుకు మారింది, మనుషులు తగ్గారు. నష్టమంతా పక్షి నెత్తిన వేయడం నాకు న్యాయంగా తోచదు. జీతం పోయిన ఇంటివారికి ఈ లెక్కలు వినే ఓపిక ఉండకపోవడమూ సహజమే.

చూడదగినవి ఉన్నాయి. చాలామంది అక్కడ నడిచే ఒక రక్తపిశాచి నవల కోసం వెళ్ళి, ఊరి పేరు పలక దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం 1990లోనే తెరిచిన టింబర్ మ్యూజియంలో గంటసేపైనా గడపండి. పాత మొద్దుల మీద మనిషి ఎత్తున కనిపించే గాట్ల సంగతి నాకు అక్కడే అర్థమైంది: చెట్టు మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది కాబట్టి, గాట్లు పెట్టి అందులో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి ఇద్దరు మనుషులు రెండు వైపుల నుంచి పెద్ద రంపం లాగేవారు.

తరువాత హో వర్షారణ్యానికి వెళ్ళండి. ఏటా వంద అంగుళాలకు మించి వాన కురిసే ప్రాంతం కనుక మంచి రెయిన్‌కోటు తప్పనిసరి. ఫోర్క్స్ మిల్లులకు ఒకప్పుడు ఎలాంటి చెట్లు వెళ్ళేవో అక్కడే తెలుస్తుంది. నాన్నగారు అలవాటు కొద్దీ ఒక స్ప్రూస్ చెట్టుకు ఎన్ని ఘనపుటడుగుల కలప వస్తుందో లెక్కకట్టబోయి, చుట్టుకొలత దగ్గరే ఆగిపోయారు.