శనివారం బస్సులో ఆ కిటికీ పక్కనే కూర్చోండి

నెల్లూరు నుంచి ఒకావిడ రాశారు. వయసు యాభై నాలుగు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి స్నానం, దీపం, విష్ణుసహస్రనామం, ఆ తర్వాత గంటసేపు పోతన భాగవతం పారాయణ, రాత్రి పడుకునే ముందు నవలో కథో నాలుగు పేజీలు. రెండేళ్లుగా ఇదే దినచర్య. అయినా మనసు నిలవడం లేదట, గజేంద్రమోక్షంలో ఒకే పద్యం దగ్గర ఆగిపోతున్నారట. పారాయణ సాయంత్రానికి మార్చుకోవాలా, మధ్యలో ఆపితే దోషమా, నవలలు మానేస్తే ఏకాగ్రత కుదురుతుందా అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగినదానికి ముందే చెప్పేస్తాను, అదేమంత పెద్ద విషయం కాదు. ఏ వేళ కుదిరితే ఆ వేళ చదువుకోండి. నవలలు మానక్కర్లేదు. దోషం అంటారా, నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే మీ నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, మిగిలిపోయిన ముక్కను ఆ తర్వాత ఎర్రన పూర్తి చేశాడు, ఆయనది మీ పుట్టింటి దగ్గరి గుడ్లూరే అంటారు. భారతమే అన్నేళ్లు మధ్యలో ఆగి ఉంటే రాని దోషం మీ గంట పారాయణకు వస్తుందా? ఆ టెన్షన్ వదిలేయండి.

నన్ను పట్టుకున్నది మీ ఉత్తరంలో మూడో పేజీ. "ఇది అసలు విషయం కాదు గానీ" అని మొదలుపెట్టారు చూడండి, అక్కడ. మీ పుట్టిల్లు కందుకూరు అవతల. పొగాకు క్యూరింగ్ రోజుల్లో మీ నాన్నగారు రాత్రంతా బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర మంట చూసుకుంటూ కూర్చునేవారని, పక్కన గోనెపట్టా మీద మీరు పడుకునేవారని, ఆయన పొయ్యిలోకి మొద్దు తోసి, వేడి ఎంతుందో చూసొచ్చి ఒక పద్యం చెబితే మీరు తిరిగి అప్పజెప్పేవారని, అలా ఒక్క సీజన్‌లో గజేంద్రమోక్షం అంతా నోటికి వచ్చేసిందని రాశారు. ఆ వెంటనే రెండేళ్ల కిందటి సంగతి. తాతల నాటి పొలం పని ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసుకు రా అక్కా అని తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడికి వెళ్లాక గానీ అది మీ హక్కు వదులుకునే కాగితమని తెలియలేదు. నాన్నగారు బెంచీ మీద కూర్చుని కండువా మడతలు సరిచేసుకుంటూ ఉన్నారు తప్ప మీ వైపు చూడలేదు. మీరు సంతకం పెట్టి వచ్చేశారు. అప్పటి నుంచి ఆయనతో మాట లేదు.

ఆ రెండేళ్లూ ఈ రెండేళ్లూ ఒకటే కదమ్మా. పూజగదిలో కూర్చుంటే ఎవరూ కదిలించరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మీ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు ఆగిపోతున్న పద్యం ఏదో చూసుకోండి. మొసలితో పెనుగులాడే ఏనుగును ఒక్కడినీ వదిలి పోవడానికి కాళ్లు రాక, ఆడఏనుగులు అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయిన పద్యం అది. అక్కడ గొంతు ఆగిపోతున్నది ఏకాగ్రత లేక కాదు. ఆ పద్యం మీకు చెప్పిన మనిషికి ఇప్పుడు ఎనభై ఒకటి.

మీ వారు "పోనీలే, మనకేం తక్కువ" అన్నారట. మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ నేను ఒప్పుకోను. తక్కువా ఎక్కువా అన్నది కాదిక్కడ. మీ పెళ్లి 1989లో. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టంతోనే పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. అంటే ఆ రోజు మీరు వదులుకున్నది మీ సొంతం. దాన్ని నోరు తెరిచి అడగాల్సింది మీ నాన్నగారు, అడగలేదు. ఆడపిల్ల పొలం అడిగితే పుట్టిల్లు పోతుందని మన వైపు భయపెడతారు. మీరు అడగనే లేదు, అయినా పోయింది కదా! మా మేనత్త ఇలాగే నోరు మెదపకుండా పదకొండేళ్లు మా గడప తొక్కలేదు. తాతయ్య పోయిన రోజు వచ్చి వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుంది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. అది చూసినదాన్ని కాబట్టి మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

పొలం తిరిగి అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడగాలనుకుంటే మాత్రం వెంటనే ఒక లాయర్‌ని కలవండి, అలాంటి కాగితం రద్దు చేయమని కోర్టుకు వెళ్లడానికి గడువు మూడేళ్లే. అది వేరే పని. నాన్నగారితో మాట్లాడటం వేరే పని. మొదటిది తేలేదాకా రెండోది ఆపొద్దు.

పోయిన ఉగాదికి ఆయన పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేస్తే మీరు మాట్లాడకుండా ఫోన్ మీ వారి చేతికిచ్చారు. ఆయన అల్లుడిగారిని అడిగింది ఒకటే, "అమ్మాయి పద్యాలు చదువుకుంటోందా" అని. మన పెద్దమనుషులకు క్షమించమని అడగడం రాదు, ఆయనకు వచ్చింది ఆ ఒక్క మాటే. అది చాలదని నాకూ తెలుసు. మిగతాది మీరే అడిగి చెప్పించుకోవాలి.

శనివారం ఒక్కరోజే గుడి తెరుస్తారు కాబట్టి నెలకోసారి మాలకొండ వెళ్తున్నానని, కందుకూరు దాటాక మీ ఊరి అడ్డరోడ్డు కనిపించకుండా అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంటానని రాశారు. ఈసారి ఇవతలి వైపు కూర్చోండి. స్వామి దర్శనం చేసుకుని తిరిగి వచ్చేటప్పుడు అడ్డరోడ్డులో దిగండి. పండ్లూ స్వీట్లూ ఇచ్చి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఏమీ జరగనట్టు వచ్చేయడానికైతే మాత్రం దిగొద్దు. తమ్ముడూ మరదలూ ఇంట్లో ఉన్నా సరే, ఆయన మంచం పక్కన కూర్చుని "నాన్నా, నువ్వు అడిగుంటే ఇచ్చేదాన్ని, ఎందుకు అడగలేదు" అనండి. ఏడుపొస్తే రానివ్వండి. ఆయన జవాబు చెప్పకపోవచ్చు, మళ్లీ కండువా సర్దుకోవచ్చు. ఆయన చూసేదాకా మీరు లేవొద్దు.

భాగవతం సంచిలో పెట్టుకు వెళ్లండి. నాన్నగారికి కళ్లు సరిగా ఆనడం లేదన్నారు కదా, ఆగిన చోటు నుంచి మీరే చదివి వినిపించండి. ముందు ఆ మాట, తర్వాతే పద్యం. మరదలు భోజనానికి లెమ్మంటే కాదనకుండా తిని రండి.