అస్సాం చన్నా తిండి ముట్టట్లేదా? ముందు దాని జోలికి వెళ్లకండి

మీ అడుగు పొడవున్న ఆరంజ్ స్పాటెడ్ స్నేక్‌హెడ్ (చన్నా జాతి చేప), వాగులో పట్టినది, కొత్త ట్యాంకులో మూల నక్కి ఉంది, ఏం వేసినా తినట్లేదు, మనిషి కనబడితే అద్దానికి గుద్దుకుంటోంది అన్నారు. తిండి గురించి టెన్షన్ వద్దండి. ఒంట్లో కండ ఉన్న చన్నా వారం పది రోజులు తినకపోయినా ఏం కాదు. గుద్దుకోవడం, బయటికి దూకడం, నీళ్లు పాడవడం, వీటికే భయపడాలి.

నేనూ ఇదే జాతిని పెంచుతున్నాను. మన కొర్రమీనుకు దాయాదే, కానీ ఎగువ అస్సాం వైపు చల్లటి వాగులు, చిత్తడి నేలల్లో బతికేది. నాలుగు వైపులా అద్దం, పైన తెల్లటి ఎల్‌ఈడీ దానికి ఏం తెలుసు? లైటు ఆపేయండి. మూడు వైపులా నల్ల చార్టు అంటించి, ముందు అద్దానికి పాత దుప్పటి వేలాడదీయండి. లోపల నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి పెట్టండి, చేప మొత్తం పట్టేంత పొడవు ఉండాలి. వీధిలో నాటు బాదం చెట్టు ఉంటే రాలిన ఎండుటాకులు కడిగి వేయండి, నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, చేపకు మరుగూ దొరుకుతుంది. మాది మొదట్లో ఆ పైపులోంచి మూతి మాత్రమే బయటపెట్టేది. గాలి కోసం సర్రున పైకొచ్చి ఒక గుటక మింగి మళ్లీ లోపలికి. కుదురుకున్నాక అదే గుటకకు తీరిగ్గా పైకి తేలి వచ్చేది, వెలిసిపోయినట్టున్న ఆరంజ్ మచ్చలూ ముదిరాయి. తిండి కంటే ముందు నేను చూసే గుర్తు అదే.

మూత మీద బరువు పెట్టండి. ఫిల్టరు పైపు కోసం వదిలిన సందు చాలు, రాత్రికి రాత్రే నేల మీద ఉంటుంది. అలాగని నీళ్లు మూత దాకా నింపొద్దు. చన్నా పైకొచ్చి గాలి పీల్చకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నాలుగైదు అంగుళాలు ఖాళీ వదలండి.

కొత్త ట్యాంకు అన్నారు కాబట్టి అసలు అనుమానం నాకు ఫిల్టరు మీదే. చేప మలం, మిగిలిన తిండి వల్ల నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్. వాటిని టెస్ట్ కిట్‌తో చూడండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి వాడిన ఫిల్టరు స్పాంజి అడిగి తెచ్చుకోండి, ఆ విషాలను తగ్గించే బ్యాక్టీరియా అందులో ఉంటుంది, వాళ్ల చేపలు ఆరోగ్యంగా ఉంటేనే. అప్పటిదాకా రోజూ కొంచెం నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు నేరుగా పట్టకండి, కాగుతుంటాయి. పొద్దున్నే పట్టండి.

తిండి రాత్రిపూట, గది లైటు కూడా ఆపాక. ఒక్క వానపాము పైపు ముందు వదిలి గదిలోంచి వెళ్లిపోండి. వర్మీకంపోస్టు గుంటల్లోని ఎర్రటి సన్న పాములు వద్దు, అవి చేదు ద్రవం వదులుతాయి, చాలా చేపలు ఉమ్మేస్తాయి. పురుగుమందు కొట్టని తోటవి కావాలి. లేదంటే పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్క. తెల్లారి మిగిలింది తీసేయండి. షాపువాళ్లు ఫీడర్ గోల్డ్‌ఫిష్ వేయమంటారు, వినకండి. రోగాలు తెస్తాయి, పైగా వాటిలోని థయామినేజ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది.

ఇంకోటి తెప్పిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. దూరం నుంచి వచ్చిన కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే అందులోని అమ్మోనియా అంతగా హాని చేయదు. కవరు విప్పగానే పీహెచ్ పెరిగి అదే విషమవుతుంది. మూతి కట్టి ఉండగానే కవరును తేలేసి వేడి సమానం చేసి, విప్పాక చేపను మాత్రం ట్యాంకులోకి జార్చండి. గంటలకొద్దీ చుక్క చుక్క నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. ఆ కవరు నీళ్లు ట్యాంకులో పోయకండి. వల కూడా వద్దు, రెక్కలు చిక్కుకుంటాయి.

తోక దగ్గర బూజులా తెల్లటి దూది, పొట్ట లోపలికి పోవడం, తెల్లటి దారాల్లాంటి మలం కనబడితే మాత్రం ఆగకుండా ఫోటో పెట్టండి, వాగు చేపల్లో కడుపు పురుగులు మామూలే. హీటర్ పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. మన చలికాలం దానికి హాయి.