డంపింగ్ యార్డు గ్యాస్‌కు కార్బన్ క్రెడిట్లు రావాలంటే ఫ్లో మీటర్ ఒక్కటి చాలదు

గుంటూరు వంటి నగరంలో డంపింగ్ యార్డు నుంచి వెలువడే గ్యాస్‌ను పైపులతో పట్టి మండిస్తే, కార్బన్ క్రెడిట్ల (వాతావరణంలోకి పోకుండా ఆపిన ఉద్గారాలకు ఇచ్చే, అమ్ముకోగల ధ్రువపత్రాల) కోసం ఫ్లో మీటర్ (ప్రవాహాన్ని కొలిచే పరికరం) ఒక్కటి పెడితే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. నాది విజయవాడ. వేరే రాష్ట్రంలో ఇటువంటి ప్రాజెక్టులో నాలుగేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల) పని చూశాను. అక్కడ ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ల పథకమైన సీడీఎం (క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం) వారు డంపింగ్ యార్డు గ్యాస్ కోసం పెట్టిన ఏసీఎం 0001 పద్ధతిని పాటించాము కనుక దాని ప్రకారమే చెబుతున్నాను.

యార్డులో ఎంత చెత్త ఉంది, అది ఎన్నేళ్ల నాటిది అన్న లెక్కతో ప్రాజెక్టు నివేదికలో చూపేది అంచనా మాత్రమే. క్రెడిట్లు ఇచ్చేది నిజంగా పట్టి, కాల్చివేసినట్టు కొలతలతో నిరూపించగలిగిన మీథేన్‌కు (ఆ గ్యాస్‌లో మండే భాగానికి). అందువల్ల గ్యాస్ ప్రవాహం, అందులోని మీథేన్ శాతం, ఫ్లేర్‌లో (గ్యాస్‌ను కాల్చివేసే బర్నర్‌లో) మంట ఉన్నదీ లేనిదీ, ఈ మూడూ ఒకే సమయానికి నమోదై ఉండాలి. ఓపెన్ ఫ్లేర్ అయితే మంట ఉన్న ప్రతి నిమిషానికి 50 శాతం సామర్థ్యం లెక్కకు తీసుకుంటారు, మంట లేని నిమిషానికి సున్నా. మూసి ఉండే ఫ్లేర్‌లో తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత, ప్రవాహ పరిమితుల్లో నడిచిన నిమిషాలకు 90 శాతం తీసుకోవచ్చు, లేదా సామర్థ్యాన్ని విడిగా కొలిపించుకోవచ్చు.

మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసినది ఎండ. మే నెలలో బెజవాడ ఎండకు పైపులోని గ్యాస్ 45 డిగ్రీలకు చేరిందనుకోండి. గంటకు 100 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తూ, అందులో సగం మీథేన్ ఉంటే, ఆ 50 ఘనపు మీటర్లు సున్నా డిగ్రీల ప్రమాణానికి మార్చేసరికి సుమారు 43 అవుతాయి. ఘనపు మీటరుకు 0.716 కిలోల చొప్పున అది దాదాపు 31 కిలోల మీథేన్. ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోకపోతే దాదాపు 36 కిలోలుగా కనిపిస్తుంది. భూమిని వేడెక్కించే శక్తిని బట్టి మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చేటప్పుడు 28తో హెచ్చిస్తారు కాబట్టి ఆ అయిదు కిలోల తేడా గంటకు 140 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తప్పు అవుతుంది. అందుకే ఫ్లో మీటర్ పక్కనే ఉష్ణోగ్రత, పీడనం కొలిచే పరికరాలు తప్పనిసరి. మీథేన్ శాతం చెప్పే ఎనలైజర్ ఆరబెట్టిన నమూనాను చూస్తూ, ఫ్లో మీటర్ తడి గ్యాస్‌ను కొలుస్తుంటే ఆ రెండింటినీ నేరుగా గుణించకూడదు. 45 డిగ్రీల దగ్గర ఆవిరితో నిండిన గ్యాస్‌లో తొమ్మిది శాతానికి పైగా నీటి ఆవిరే ఉంటుంది.

ఆ నీరు మమ్మల్ని చాలా బాధపెట్టింది. తెల్లవారుజామున పైపు చల్లబడేసరికి పల్లపు భాగంలో నీరు చేరి, మీటర్ రీడింగు ఒక క్షణం ఎగిరి, మరుక్షణం పడిపోయేది. డ్రెయిన్ వాల్వు తిప్పితే టీ డికాక్షన్ రంగులో, కుళ్లిన గుడ్ల వాసనతో అరబకెట్ నీరు వచ్చేది. ఆ తరువాతే రీడింగు నిలకడగా నిలిచేది. డ్రెయిన్ చేసిన సమయాన్ని రిజిస్టరులో రాయడం మేము మొదట్లో అలవాటు చేసుకోలేదు. వెరిఫైయర్ (మా లెక్కలను తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ వ్యక్తి) ఆ ఎగుడుదిగుడులకు కారణం అడిగినప్పుడు చూపడానికి మా వద్ద కాగితం లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ క్యాలిబ్రేషన్ (పరికరాన్ని ప్రమాణంతో సరిచూడడం) వల్ల తగిలింది. మీథేన్ ఎనలైజర్‌కు వాడే ప్రమాణ గ్యాస్ సిలిండరు సరఫరాదారు నుంచి ఆలస్యంగా రావడంతో క్యాలిబ్రేషన్ గడువు కొన్ని వారాలు దాటిపోయింది. పరికరం సరిగానే పనిచేస్తోందని తరువాతి పరీక్షలో తేలినప్పటికీ, నిబంధన ప్రకారం ఆ వారాల రీడింగులన్నింటి నుంచీ ఆ పరికరానికి అనుమతించిన గరిష్ఠ దోషాన్ని తగ్గించవలసి వచ్చింది. సిలిండరును గడువుకు మూడు నెలల ముందే తెప్పించుకోండి. డేటాను క్రెడిటింగ్ కాలం (ప్రాజెక్టుకు క్రెడిట్లు ఇచ్చే కాలం) ముగిశాక కూడా రెండేళ్లు భద్రపరచాలి.

గ్యాస్‌ను లాగే బ్లోయర్లు వాడిన విద్యుత్తు, గ్యాస్ పట్టడం తప్పనిసరి చేసే చట్టాల్లో మార్పులు, యార్డు నిర్వహణ తీరు కూడా ఎప్పటికప్పుడు నమోదు చేయాలి. మీథేన్ ఎక్కువ రావాలని చెత్త వేసే పద్ధతిని మార్చారా అన్నది కూడా పరిశీలిస్తారు.

ఇవన్నీ కొనే ముందు, ఆ కుప్ప ఎన్నాళ్లు ఉంటుందో నగరపాలక సంస్థను అడగండి. పాత చెత్తను బయోమైనింగ్‌తో తవ్వి తీసివేసే పనికి టెండరు వచ్చి ఉంటే మీకు కొలవడానికి గ్యాస్ మిగలదు.