మొబైల్ షాపు బోర్డుకి ఆ 'రోబో' ఫాంటు పేరేంటి? తెలుగుకీ పనికొస్తుందా?

మీరు చెప్పేది యూరోస్టైల్ తరహా. ఇటలీలో ఆల్డో నొవారెసె 1962లో గీశారు. 1952 నాటి మైక్రోగ్రామా దీనికి అన్నలాంటిది, అందులో పెద్దక్షరాలే ఉండేవి. ఇందులో ఇంగ్లీషు 'ఓ' గుండ్రంగా ఉండదు, పాత టీవీ తెరలా మూలలు వంగిన చతురస్రం. ఆ 'రోబో' కళంతా అక్కడిదే.

షాపు పేరుకి బ్రహ్మాండం. ఫోన్ నంబరుకి మాత్రం వద్దు. తిరుపతి లీలామహల్ సర్కిల్లో బండి మీద పోయేవాడికి 8, 6, 0 ఒకేలా కనిపిస్తాయి.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు, టైపు చేస్తే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. పోనీ మనవాటినీ పలకల్లా గీయిద్దామంటే, లావు పెంచేకొద్దీ 'ఘ' కడుపు పూడిపోతుంది, 'ష్ట్ర' ఒత్తులు ముద్దయిపోతాయి. నన్నడిగితే తెలుగు పేరు మామూలు బోల్డులో, ఇంగ్లీషు కన్నా కాస్త పెద్దగా వేయించండి.