మల్లి గిన్నె ముందు మొహం తిప్పేస్తోందన్నావు కదా

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. వంటింట్లో ఫ్రిజ్‌కి అంటించుకో.

మీ కుక్క మల్లి నాలుగు రోజులుగా గిన్నె దగ్గరకు వచ్చి, వాసన చూసి, వెనక్కి వెళ్ళిపోతోందన్నావు. నువ్వు నోటికి అందిస్తే రెండు ముద్దలు తింటోంది. చికెన్ కలిపితే ముక్కలు ఏరుకుని మిగతాది వదిలేస్తోంది. ఇప్పటికి కుక్క తిండి ప్యాకెట్లు మూడు రకాలు మార్చావు. చివర్లో నీ గొంతు పూడుకుపోయింది. పిల్ల తినకపోతే ఇంట్లో మనకి ముద్ద దిగదు, నాకు తెలుసమ్మా.

ముందు ఒక్కటి తేల్చుకో. అది తినను అంటోందా, తినలేకపోతోందా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. చేయాల్సింది మాత్రం పూర్తిగా వేరు.

మా టైగర్ నీకు గుర్తుండడు, అప్పటికి నువ్వు ఒకటో తరగతి. వీధిలోంచి వచ్చిన పిల్ల, ఏది పెట్టినా తినేవాడు. ఒక వర్షాకాలం ఉన్నట్టుండి అన్నం మానేశాడు. ముందు రోజే మీ పెదనాన్న గట్టిగా కసిరారు, అందుకే అలిగాడనుకున్నాను. మూడు రోజులు పక్కన కూర్చుని బతిమాలాను. నాలుగో రోజు ముక్కులోంచి నెత్తురు కారింది. గోమార్లు, అదే మీ వైపు పిడుదులంటారు, అవి కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు డాక్టరుగారు. 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు వేస్తే నిలబడ్డాడు. ఆ మూడు రోజులూ వాడి ఒళ్ళు కాలుతున్నా నేను చేయి వేసి చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకని ఈ సాయంత్రమే మల్లిని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూడు. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, బెల్టు కింద బొచ్చు విడదీసి గోమార్లు ఉన్నాయేమో వెతుకు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడు, గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే ఆలస్యం చేయకు. ముక్కు తడిగా ఉంటే జ్వరం లేనట్టే అని మీ అమ్మ అంటుంది, అది నమ్మకు. డిజిటల్ థర్మామీటర్ మొనకి వాజెలిన్ రాసి మలద్వారంలోకి కొద్దిగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కుక్కకి మామూలే, మన లెక్కతో చూసి కంగారు పడకు. 103 దాటితే డాక్టరు దగ్గరకు వెళ్ళు. నోరు తెరిచి పళ్ళు కూడా చూడు. ఒకవైపే నములుతున్నా, నోట్లోంచి మెతుకులు జారిపోతున్నా, నోరు దుర్వాసన వస్తున్నా పంటి బాధ ఉన్నట్టే.

ఇంకో రెండు. ఇవి మామిడిపళ్ళ రోజులు. ఎవరైనా టెంక కింద పడేశారా అని ఇంట్లో అందర్నీ అడుగు. టెంక పేగులో అడ్డం పడితే తిన్నదల్లా వాంతి అవుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. రెండోది, మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు కదా. ఎదకు వచ్చి ఒకటి రెండు నెలలయ్యాక ఆడకుక్క తిండి మానేసి, నీళ్ళు మాత్రం విపరీతంగా తాగుతూ ఉంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. అది ప్రాణం మీదకు వస్తుంది, తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

వీటిలో ఏది కనిపించినా, వాంతులో విరేచనాలో ఉన్నా, ఎంతో ఇష్టమైన చికెన్ కూడా వద్దని 24 గంటలు దాటినా, నా ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళు. నీ స్నేహితురాలు రెండు నెలల పిల్లని తెచ్చుకుందన్నావు, ఆమెకి 24 గంటలని చెప్పకు. అంత చిన్నవాటికి పూటంతా కడుపు ఖాళీగా ఉంటేనే ఒంట్లో చక్కెర పడిపోతుంది. పైగా పార్వో భయం ఒకటి, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు అది.

నువ్వు చెప్పిన దాన్ని బట్టి మల్లి పరుగులు పెడుతోంది, బంతి తెస్తోంది, చికెన్ కనిపిస్తే ఎగిరి అందుకుంటోంది. నాకు ఇది తినలేకపోవడంలా అనిపించడం లేదు. అయినా ఒళ్ళు చూశాకే కింద రాసినవి మొదలుపెట్టు.

ఒక నోటుపుస్తకం తీసుకుని రెండు రోజులు మల్లి నోట్లోకి ఏం వెళ్ళినా రాయి. గిన్నెలోది కాదు, గిన్నె బయటిది. పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను కదా, నేను చూసింది చెబుతాను. పొద్దున మీ అత్తగారు టీ తాగుతూ మేరీ బిస్కెట్లు మూడు పెడతారు. మీ ఆయన గుడ్డు తింటూ పచ్చసొన దానికి వేస్తాడు. పనమ్మాయి అట్టు ముక్క పెడుతుంది. సాయంత్రం మళ్ళీ బిస్కెట్లు మూడు. ఎవరికి వారు కొంచెమే కదా అనుకుంటారు. మేరీ బిస్కెట్ ఒకటి సుమారు 25 కేలరీలు, ఆరంటే 150. గుడ్డు సొన ఇంకో 55. మల్లి ఏడు కిలోలు ఉంటుందేమో, అంత కుక్కకి రోజంతటికీ కావలసింది 450 దరిదాపు. అంటే నువ్వు గిన్నె పెట్టేసరికి దాదాపు సగం కడుపు నిండిపోయింది. చిరుతిండి మొత్తం పదో వంతు దాటకూడదు. అది తిండి విషయంలో పేచీ పెట్టడం లేదమ్మా, దానికి ఆకలి లేదు.

మీ అత్తగారిని మాత్రం బిస్కెట్ పెట్టొద్దని అనకు. ఆమెకి పొద్దున తోడు అదే. బదులుగా మల్లికి గిన్నె పెట్టే పని ఆమెకే అప్పగించు. రోజుకి ఇవ్వాల్సిన ప్యాకెట్ గింజల్లోంచి ఒక పిడికెడు తీసి చిన్న డబ్బాలో పోసి టీపాయ్ మీద పెట్టు, బిస్కెట్ బదులు అవి ఒక్కొక్కటీ వేస్తారు. ఆమె చేయి పెట్టిన తృప్తి ఆమెకీ, తిన్న తృప్తి దానికీ. మా ఇంట్లో మీ పెదనాన్న విషయంలో నేను చేసింది ఇదే.

ఇక గిన్నె సంగతి. ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం వేడికి కుక్కలు సరిగా తినవు. పొద్దున ఏడులోపు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి. ముందు నడిపించుకుని రా, రొప్పు తగ్గి నీళ్ళు తాగి ఒక అరగంట అయ్యాక గిన్నె పెట్టు. వాషింగ్ మెషిన్ పక్కన ఉంచావు చూడు, అక్కణ్ణుంచి తీసేయి, ఆ చప్పుడుకి అది బెదురుతోంది. పెట్టాక పక్కన కూర్చోకు, పిలవకు, మొహంలోకి చూడకు. 15 నిమిషాలు ఆగు. తింటే సరే, తినకపోతే ఏమీ అనకుండా గిన్నె తీసేయి. మళ్ళీ రాత్రి దాకా నీళ్ళు, మీ అత్తగారి డబ్బాలో గింజలు తప్ప ఏమీ లేదు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

మొదటి రెండు రోజులు కష్టం. మల్లికి కాదు, నీకు. అది వచ్చి నీ మోకాలి మీద గడ్డం ఆనించి చూస్తుంది. అప్పుడు నువ్వు లేచి ఫ్రిజ్ తెరిచావనుకో, గిన్నె వదిలేస్తే ఇంకా మంచిది వస్తుందని దానికి మళ్ళీ ఖాయమవుతుంది. నువ్వు మూడు ప్యాకెట్లు మార్చినప్పుడు అది నేర్చుకున్నదీ అదే. ఇప్పుడున్న ప్యాకెట్టే ఉంచు. ముందు ముందు మార్చాల్సి వస్తే పాతదానిలో కొత్తది నాలుగో వంతు కలపడంతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చు. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

చికెన్ ఒక్కసారిగా మానేయకు. ఎముక లేని ముక్క ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడకబెట్టు. ఉల్లి వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి, కూరలో ముక్క కడిగి పెట్టినా పోవు. ఉడికిన ముక్కని ముక్కగా వేయకు, పీచు పీచుగా చిదిమి గింజలకి పట్టించు, ఏరుకోవడానికి వీలుండదు. ఉడికిన నీళ్ళు గోరువెచ్చగా రెండు చెంచాలు పైన పోసెయ్. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు మనకున్న వాటిలో సుమారు ఐదో వంతే, అది తినేది వాసనతోనే. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది. మొదటి రోజు 50 గ్రాముల చికెన్ అనుకుంటే రోజుకి ఐదు గ్రాములు తగ్గించుకుంటూ రా. పది రోజులకి నీళ్ళు మాత్రమే మిగులుతాయి, అవి ఉంచుకున్నా నష్టం లేదు.

ప్యాకెట్ ఎప్పుడు తెరిచావో చూసుకో. పెద్దది చవకని పది కిలోల బస్తా తెస్తే, మన ఉక్కకి అందులో కొవ్వు మక్కిపోతుంది. మన ముక్కుకి తెలియదు, దానికి తెలుస్తుంది. చిన్న ప్యాకెట్ కొను, అదే కవర్‌లో మూతి బిగించి డబ్బాలో పెట్టు, నెలలోపు అయిపోవాలి.

పెరుగన్నం పెట్టొచ్చా అని అడిగావు. మన ఇళ్ళలో కుక్కలన్నీ దాంతోనే పెరిగాయి, నిజమే. కానీ అవి వీధిలో ఇంకా చాలా తిన్నాయి. ఎండాకాలం రెండు చెంచాలు పెట్టు, మంచిదే. రోజూ అదే పెడితే దానికి కావలసిన మాంసకృత్తులు అందవు. ఇంటి వంట మీదే పెంచాలనుకుంటే కాల్షియం, ఖనిజాలు ఎంత కలపాలో డాక్టరుగారినే అడుగు, అది నేను అంచనాగా చెప్పే సంగతి కాదు.

పక్క ఫ్లాట్ లాబ్రడార్ గిన్నె నాకేస్తుందని బాధపడకు. ఆ జాతిలో దాదాపు నాలుగింట ఒకదానికి కడుపు నిండిందని తెలియజేసే జన్యువులోనే లోపం ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనిపెట్టారు. దాన్ని చూసి మల్లికి ఎక్కువ పెట్టకు.

రేపు పొద్దున మల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడు. తర్వాత దాన్ని దింపి నువ్వొక్కదానివే నిలబడు. తేడా రాసుకో. వచ్చే ఆదివారం మళ్ళీ అలాగే చూడు. చేత్తో పక్కలు తడిమితే పక్కటెముకలు తగలాలి, దూరం నుంచి చూస్తే లెక్కపెట్టేలా మాత్రం ఉండకూడదు. రెండు తూకాలూ, రెండు రోజుల నోటుపుస్తకం పేజీ ఫొటో తీసీ నాకు పంపు. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ
రాజమహేంద్రవరం